సమస్య: పిల్లి నిమిరెడు చేయియే భీతి గొలిపె

నిర్వాహకుడు: ఈ వారం గూఢచారి సినిమాల విలన్ మీద. పిల్లిని నిమిరే చేతిని చూస్తే భయమెందుకు? పేరెత్తకుండా మనిషిని కళ్లకు కట్టించినవారికే నా ఓటు.

తేనెపట్టు:
మోము జూపక గొంతునే ముందు వినిచి,
వెండితెరపైన వేళ్లనే నిండ నింపి,
అరుపు లేకుండ చావుకై యానతీయ,
పిల్లి నిమిరెడు చేయియే భీతి గొలిపె.

పాతరీలు: రెండో పాదంలో ప్రాసయతి (‘వెండి’కి ‘నిండ’) ముచ్చటగా పడింది. 1963 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో విలన్ బ్లోఫెల్డ్ అచ్చంగా ఇలాగే ఉంటాడు. ఒళ్లో తెల్లపిల్లి, దాని మీద చేతులు, అంతే. ఒళ్లు ఆంథొనీ డాసన్‌ది, గొంతు ఎరిక్ పోల్‌మన్‌ది. టైటిళ్లలో నటుడి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం వేశారు. 1967లో ముఖం చూపించారు. మచ్చ ఎంత పెద్దదైనా, చూడని ముఖానికున్న జడుపు దానికి రాలేదు.

కలంపోటు:
కోప మెఱుగడు, మాటలో కొసరు లేదు,
అతిథి మర్యాద లన్నియు చక్కజేసి,
చంపు సమయము చెప్పుచు చల్లగాను
పిల్లి నిమిరెడు చేయియే భీతి గొలిపె.

తేనెపట్టు: రెండో పాదం చూసుకోండి కలంపోటు గారూ. అకారానికి చకారంతో యతి ఎలా కుదిరింది? ‘అన్నియు నమరజేసి’ అంటే సరిపోతుంది. ‘మాటలో కొసరు లేదు’ మాత్రం బంగారం. నేను రాయాల్సిన మాట మీరు రాశారు.

కలంపోటు: దిద్దుకున్నాను. అసలు పట్టు మూడో పాదంలో ఉంది, దాన్ని వదిలేశారు. అదే సినిమాలో బ్లోఫెల్డ్ అనుచరుడు క్రోన్‌స్టీన్ చావు గుర్తుందా? తప్పంతా ఇంకో అనుచరురాలు రోజా క్లెబ్‌దే అన్నట్టు మాట నడుస్తుంది, చంపేవాడు ఆమె వైపే నడుస్తాడు. బూటు కొనలోంచి విషపు కత్తి బయటికొస్తుంది, తన్ను మాత్రం క్రోన్‌స్టీన్‌కి తగులుతుంది. పన్నెండు సెకన్లు పట్టిందని లెక్క చెప్పి, ఇంకా త్వరగా పనిచేసే విషం కావాలంటాడు బ్లోఫెల్డ్. సొంత మనిషి చావు అతనికి గడియారం లెక్క. హీరో ఆ గదిలో లేనే లేడు, అయినా హీరో గురించి మనకు భయం మొదలవుతుంది.

పాతరీలు: ఈ చూపు, బాండ్ సినిమాల ఉక్కుపళ్ల రౌడీ ‘జాస్’ మీద మీరు ఇదివరకు రాసిన సీసంలో ఎందుకు లేదు? 1977లో కొరికి చంపిన ఆ ఆజానుబాహుడు 1979కల్లా హీరో పక్షం చేరాడు. మీరు రెండు సినిమాలనూ ఒకే పద్యంలో కుక్కారు. ఒకసారి నవ్వించినవాడి మీదికి భయం మళ్లీ ఎక్కదు.

కలంపోటు: ఆ సీసం అనుచరుడి మీద రాసింది. పథకం వేసేవాడు వేరు. ‘గోల్డ్‌ఫింగర్’ (1964) చూడండి, అందులో విలన్ బంగారం దొంగిలించడు. అమెరికా బంగారం దాచే ఫోర్ట్ నాక్స్ నిల్వలకు అణుధార్మికత అంటిస్తే తన బంగారం విలువ పెరుగుతుందని లెక్క వేస్తాడు. ఆ లెక్క మన బుర్రకు కూడా ఎక్కుతుంది, అక్కడే వణుకు పుడుతుంది. ప్రపంచాన్ని ఏలుతానని ఊరికే అరిచేవాడికి ఆ బలం రాదు.

ఉత్తరీయం:
తనదు గద్దెపై చారుడే తనరజూచి,
కుట్ర లల్లిన ఖలునకే గుండె జారె;
ఒదిగి పరులొడి గుర్రన నొక్కసారి
పిల్లి నిమిరెడు చేయియే భీతి గొలిపె.

నిర్వాహకుడు: విరుపు అంటే ఇదీ! చేయి గూఢచారిది, భయం విలన్‌ది. విలన్‌కి కూడా భయం ఉండాలి. 2006 ‘కేసినో రొయాల్’లో విలన్ లె షిఫ్ర్ కంట్లోంచి నెత్తురు కారుతుంది. అంతకన్నా, ఇతరుల సొమ్ము పోగొట్టుకుని తన ప్రాణం కోసం పేకాడటమే అతన్ని ప్రమాదకారిని చేసింది.

తేనెపట్టు: విరుపు ఒప్పుకుంటాను, అన్వయం ఒప్పుకోను. ‘గుర్రన’కు కర్త ఎక్కడ? ‘ఒదిగి తనపిల్లి గుర్రన నొక్కసారి’ అనండి, తేలిపోతుంది.

ఉత్తరీయం: అప్పుడు పిల్లి మూడో పాదంలోనే దూకేస్తుంది, సమస్యాపాదానికి ఏం మిగులుతుంది? పైగా పరాయి ఒడి పోతే విలన్ గుండె జారడానికి కారణమే పోతుంది. ‘పరులొడి’ ఉంచుతున్నాను.