25 ఫ్రేముల సినిమాను 24కి మారిస్తే పక్షుల కూతలు పాడవుతున్నాయి

మామూలు ప్రేక్షకుల కోసం పెడుతున్న సైన్స్ చిత్రోత్సవంలో పక్షుల కూతల మీద ఒక డాక్యుమెంటరీ వేయాలి. నిడివి 52 నిమిషాలు, సెకనుకు 25 ఫ్రేములు. ఎస్‌ఎంపీటీఈ అనే సినిమా సాంకేతిక ప్రమాణం పద్ధతిలో 25 ఫ్రేముల డీసీపీ (హాళ్లలో వేసే డిజిటల్ సినిమా ఫైళ్ల కట్ట) చేస్తే పెద్ద హాల్లో చక్కగా ఆడింది. చిన్న హాల్లో సినిమాను ఆడించే పాత సర్వర్ మాత్రం 24 తప్ప తీసుకోవడం లేదు.

వేగం తగ్గించి 24కి మార్చాం. నిడివి 54 నిమిషాల 10 సెకన్లయింది, అది ఇబ్బంది కాదు. కానీ శబ్దం పిచ్ (స్వరం ఎత్తు) 4 శాతం పడిపోయింది. కూతల్లో తేడాల గురించే ఈ సినిమా, అక్కడే తప్పు వినిపిస్తే ఎలా? సాఫ్ట్‌వేర్‌తో పిచ్ సరిచేస్తే వ్యాఖ్యానం బాగానే ఉంది, పొట్టి కిచకిచలు మాత్రం అలుక్కుపోయినట్టు వస్తున్నాయి. వేగం మార్చకుండా సెకనుకో ఫ్రేము తీసేస్తే శబ్దం సరిగ్గా ఉంది గానీ, ఎగిరే పక్షి వెంట కెమెరా కదిలే షాట్లలో బొమ్మ కుదుపులతో నడుస్తోంది. పక్కపక్క ఫ్రేములను కలిపి చూస్తే రెక్కల అంచులు రెండుగా కనిపిస్తున్నాయి.

చిన్న హాల్లో కూర్చునేది ఎక్కువగా పిల్లలే, వాళ్లు అసలు కూతే వినాలి. హాలు, సర్వర్ మార్చే వీలు లేదు.

24 ఫ్రేముల సర్వర్ మీదే కూతల పిచ్, బొమ్మ కదలిక రెండూ చెడకుండా వేయాలంటే ఈ సినిమాను ఏ పద్ధతిలో మార్చాలి?