వనామీ రొయ్యల గురించి చదివాక: మానాలా, అడిగి కొనాలా?

ప్రశ్న (భీమవరం): చెరువుల్లో మందులు వాడతారని, పక్క వరిచేలు చవుడు బారుతున్నాయని చదివాక రొయ్యలు కొనబుద్ధి కావట్లేదు. మానేయడమే మార్గమా అండి?

జవాబు 1: రెండు గొడవలు కలిపేస్తున్నారండి. మందులది తినేవాడి గొడవ. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు నిషేధం. నైట్రోఫ్యూరాన్ అవశేషాలు కండకు అతుక్కుంటాయి, ఉడికించినా పోవు. పసుపు, ఉప్పు వేసి కడిగితే చాలన్నది ఉత్తిమాట. ఎగుమతికి పెంచే చెరువులకు పట్టుబడికి (రొయ్యలు పట్టడానికి) ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ) ల్యాబుల్లో ఎలీసా పరీక్ష, అంటే మందుల అవశేషాలు పట్టే పరీక్ష, చేయిస్తారు. గట్టు మీద కొంటే ఆ కాగితం చూపమనండి. చెరువు, తేదీ సరిపోవాలి.

జవాబు 2: ఉప్పుది పొరుగు రైతు గొడవ. మట్టి ఈసీ (ఉప్పదనం కొలత) 3 dS/m దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. బోరు ఉప్పునీళ్లు నింపిన చెరువు నుంచి ఊట పక్క చేలోకి దిగుతుంది. చుట్టూ ఊట కాలువ తవ్వారా, పట్టుబడయ్యాక నీళ్లు ఎక్కడికి వదులుతారు? ఈ రెండూ అడగండి. పంటకాలువలోకి అంటే కొనకండి.

జవాబు 3: రొయ్యల బదులు శీలావతి, బొచ్చె చేపలు తినండి. వాటి మేత ఎక్కువగా తవుడు, చెక్క. వనామీ మేతలో చేపపొడి ఉంటుంది, అంటే సముద్రపు చిన్నచేపే. అయితే చెరువు కొల్లేరులో +5 కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) లోపలిదేమో చూసుకోండి. ఆ ప్రాంతం 1999లో అభయారణ్యమైంది, 2006లో అక్కడి చెరువు గట్లు చాలా కొట్టేశారు.

ప్రశ్న అడిగినవారు: సంతలో ఐసులో పోసినవాటికి కాగితం ఎవరిస్తారండి?

జవాబు 1: ఎవరూ ఇవ్వరు. నాలుగైదు చెరువుల సరుకు కలిసిపోతుందక్కడ.