పాండవుల గుట్ట బొమ్మలు: మనిషి పుట్టాక బొమ్మ గీయడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది?

ప్రశ్న: హనుమకొండ టీచర్

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. ఈ మధ్య మా పిల్లలను రేగొండ మండలం తిరుమలగిరి దగ్గర ఉన్న పాండవుల గుట్టకు తీసుకువెళ్లినప్పుడు, రాతి మీద ఎర్రరంగుతో వేసిన జంతువుల బొమ్మలను చూసి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన ఎముకలను బట్టి మన జాతి మనిషి సుమారు 3 లక్షల ఏళ్ల క్రితమే ఉన్నాడని నేను పాఠంలో చెప్పాను. ఇండోనేషియాలోని సులవేసి గుహలో ఉన్న పంది బొమ్మ కనీసం 51,200 ఏళ్ల నాటిదని కూడా చెప్పాను. "అయితే మధ్యలో రెండున్నర లక్షల ఏళ్లు మనిషికి తెలివి లేదా, మేడం?" అని ఆ అమ్మాయి అడిగింది.

పెద్దలు రెండు విషయాలు వివరించగలరు. అప్పటి మనుషుల మెదడు నిజంగానే ఎదగలేదా, లేక ఆధారాలు మనకు మిగలలేదా? పాండవుల గుట్ట బొమ్మల కాలాన్ని ఎలా నిర్ణయిస్తారు?

జవాబు: కాజీపేట పురావస్తు విద్యార్థి

మేడం గారు, మీ విద్యార్థిని అడిగింది ఈ శాస్త్రంలో చాలా కాలంగా చర్చలో ఉన్న ప్రశ్నే. ఒకప్పుడు యూరప్ గుహల్లోని బొమ్మలు మాత్రమే తెలిసి ఉండటం వల్ల, సుమారు 40,000 ఏళ్ల క్రితం మెదడులో ఏదో మార్పు వచ్చి మనిషి ఒక్కసారిగా కళాకారుడయ్యాడని పండితులు భావించారు. ఆఫ్రికాలో తవ్వకాలు పెరిగిన తరువాత ఆ వాదం బలహీనపడింది.

దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో దొరికిన రెండు పెద్ద సముద్రపు చిప్పల సంగతి పిల్లలకు తప్పక చెప్పండి. సుమారు లక్ష ఏళ్ల క్రితం ఎవరో ఎర్రమన్నును రాతి మీద నూరి, ఎముకలను వేడిచేసి దంచి, బొగ్గు పొడి కలిపి, ఏదో ద్రవం పోసి, ఆ చిప్పల్లోనే కలియబెట్టారు. నూరిన రాళ్లు, ఎముక ముక్కలు పక్కనే ఉన్నాయి. ఏది ముందు, ఏది తరువాత, ఏది ఎంత మోతాదులో కలపాలి అన్నది మనసులో ఉంచుకోకుండా ఈ పని జరగదు. అదే గుహలో ఒక రాతి పెచ్చు మీద ఎర్రమన్ను ముక్కతో గీసిన అడ్డగీతలు 73,000 ఏళ్ల నాటివి. మొరాకోలోని బిజ్మూన్ గుహలో రంధ్రం చేసిన గవ్వపూసలు 1,42,000 ఏళ్లకు పైబడినవి. కాబట్టి మీరు చెప్పిన ఆ మధ్యకాలం ఖాళీగా లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. దక్షిణాఫ్రికాలోనే ఎంతో నేర్పుగా చేసిన రాతి మొనలు, పూసలు ఒక కాలంలో కనిపించి, కొన్ని వేల ఏళ్ల తరువాత మాయమవుతాయి. ఆ తరువాత వేరే రకం పనితనం వస్తుంది, అదీ పోతుంది. మెదడు ఎదగడమే కారణమైతే, ఒకసారి వచ్చిన నేర్పు వెనక్కి పోకూడదు. నేర్పు మనిషి తలలో పుట్టినా, నిలిచేది మాత్రం నేర్చుకునేవారు ఉన్నప్పుడే. పెంబర్తిలో ఇత్తడి పని తెలిసిన కుటుంబాలన్నీ ఒక తరంలో వలసపోతే, తరువాతి తరం ఎంత తెలివైనదైనా ఆ పనిని మొదటి నుంచి కనిపెట్టుకోవలసిందే గదా. చిన్న చిన్న గుంపులుగా, ఒకరికొకరు దూరంగా బతికిన ఆనాటి మనుషుల్లో ఒక కరువుకో రోగానికో పనితెలిసిన నలుగురు పోతే విద్య మొత్తం పోయేది. జనసంఖ్య, గుంపుల మధ్య రాకపోకలు పెరిగినచోట నేర్పు పోగుపడుతుందని 2009లో లండన్ పరిశోధకులు గణిత నమూనాతో చూపించారు. నాకు ఈ వివరణే సబబుగా తోస్తుంది.

మన తెలుగు నేల మీద కూడా సాక్ష్యం ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74,000 ఏళ్ల నాటి, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అక్కడికి దగ్గరలోని మరో చోట సుమారు 35,000 ఏళ్ల నుంచి సూక్ష్మ శిలా పరికరాలు మొదలవుతాయి, పూసలు కూడా ఉన్నాయి.

జవాబు: కరీంనగర్ జీవశాస్త్రం లెక్చరర్

పై మిత్రుని వాదనలో ఎక్కువ భాగాన్ని అంగీకరిస్తూనే, మెదడును పూర్తిగా పక్కన పెట్టడం సరికాదని చెప్పదలచుకున్నాను. జెబెల్ ఇర్హూద్ మనిషి ముఖం దాదాపు మన ముఖంలాగే ఉన్నా, అతని కపాలం వెనక్కి సాగి పొడవుగా ఉంటుంది. పరిమాణంలో ఆనాటి మెదడు మనకు తీసిపోదు గానీ, ఇప్పుడున్న గుండ్రని ఆకారం క్రమంగా వచ్చి, సుమారు లక్ష నుంచి 35,000 ఏళ్ల మధ్య స్థిరపడిందని 2018లో జర్మనీ శాస్త్రవేత్తలు కపాలాలను కొలిచి నిర్ధారించారు. అంటే శరీరమూ సంస్కృతీ రెండూ కలిసే నడిచాయి.

అయితే ఆకారం వేరైనంత మాత్రాన తెలివి లేదనుకోవడం కూడా పొరపాటే. ఫ్రాన్స్‌లోని బ్రూనికెల్ గుహలో, వెలుతురు చొరబడని లోపలి భాగంలో, సున్నపురాతి స్తంభాలను విరిచి వలయాలుగా పేర్చి, నిప్పు పెట్టినవారు నియాండర్తల్ మనుషులు, అంటే మనకు దగ్గరి బంధువులైన, అంతరించిపోయిన మరో మానవ జాతి. ఆ కట్టడం వయసు 1,76,500 ఏళ్లు. వారి రక్తం ఆఫ్రికా బయటి జనాభాలో, మనతో సహా, ఒకటి రెండు శాతం వరకు ఇంకా ఉంది.

జవాబు: గోదావరిఖని, సింగరేణి విశ్రాంత ఉద్యోగి

టీచర్ గారి రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. పాండవుల గుట్ట బొమ్మల్లో ఎక్కువ భాగం ఎర్రవి. ఆ రంగు మన ఇళ్లల్లో గడపలకు, అరుగులకు పూసే జాజు వంటిదే, అంటే ఇనుప ఖనిజం కలిసిన మన్ను. అందులో కర్బనం లేదు కాబట్టి, కర్బనాన్ని కొలిచి వయసు చెప్పే కార్బన్ పద్ధతి పనిచేయదు. బొగ్గుతో గీసిన నల్లని గీత ఉంటే కొంత దారి ఉంటుంది. సులవేసిలో సున్నపురాతి గుహ కావడం వల్ల బొమ్మ మీద సన్నని సున్నపు పొర పేరుకుంది, ఆ పొరలోని యురేనియం ఎంత మారిందో కొలిచి బొమ్మ కనీస వయసు చెప్పగలిగారు. మన గుట్ట ఇసుకరాయి. అటువంటి పొర ఇక్కడ ఏర్పడదు. అందుకే ఏ బొమ్మ మీద ఏ బొమ్మ పడింది, ఏ జంతువును ఎలా వేశారు, మధ్యప్రదేశ్‌లోని భీంబేట్క వంటి చోట్ల ఉన్న రాతి బొమ్మల శైలితో ఎంత కలుస్తుంది అన్నవాటిని బట్టి కాలాన్ని అంచనా వేస్తారు. అన్ని బొమ్మలూ ఒకే కాలానివి కావు. అడవిదున్న, జింక వంటివి పాతవైతే, కొన్ని గుర్తులు చారిత్రక యుగానివి.

ఇంకొక మాట. ఎముకలు మనకు చాలా అరుదుగా దొరుకుతాయి. ఆది మానవుని కపాలమని చెప్పదగినది దేశంలో ఒక్కటే, అది 1982లో నర్మద ఒడ్డున హథ్నోరాలో దొరికింది. కానీ చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో చేతి గొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివి. అందువల్ల మనం ఎముకలను వదిలి రాళ్లను చదవడం నేర్చుకోవాలి.

జవాబు: ములుగు పాఠకుడు

సార్, మా తాడ్వాయి వైపు దామరవాయిలో ఉన్న రాకాసి గుళ్లు కూడా ఆ బొమ్మలు వేసినవారివేనా?

జవాబు: కాజీపేట పురావస్తు విద్యార్థి

అన్నా, కావు. అవి బృహత్ శిలాయుగపు సమాధులు, ఇనుము వాడకం తెలిసినవారివి. ఆ గుళ్ల వయసు వేల ఏళ్లలోనే ఉంటుంది. వేట మీద బతికిన రాతియుగపు మనుషుల కాలం అంతకన్నా చాలా ముందుది.

ప్రశ్న కొనసాగింపు: హనుమకొండ టీచర్

అందరికీ కృతజ్ఞతలు. వాగుల దగ్గర పిల్లలు పదునైన రాళ్లు ఏరి తెచ్చి ఇవి పనిముట్లేనా అని అడుగుతున్నారు. ఎలా గుర్తించాలి?

జవాబు: గోదావరిఖని, సింగరేణి విశ్రాంత ఉద్యోగి

ముందుగా రాయి రకం చూడండి. మన గ్రానైటు ముతక రేణువుల రాయి, కొడితే నలుగుతుందే తప్ప పదునైన పెచ్చు రాదు. చెకుముకి రాయి, సన్నని రేణువులున్న క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి అయితే పెచ్చు లేస్తుంది. మనిషి కొట్టిన పెచ్చుకు ఒక అంచున దెబ్బ పడిన చిన్న సమతలం ఉంటుంది, దాని కింద లోపలివైపు బొటనవేలికి తగిలేంత ఉబ్బు ఉంటుంది, అక్కడి నుంచి అలల వంటి గీతలు విచ్చుకుంటాయి. వెనకవైపు అంతకుముందు లేచిన పెచ్చుల గుంటలు ఒకే దిశలో కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది. వాగులో దొర్లి పగిలిన రాయికి దెబ్బలు అన్ని వైపులా అడ్డదిడ్డంగా ఉంటాయి.

ఇది చూడటానికి తేలికగా అనిపించినా చేయడం తేలిక కాదు. 2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, చూసి మాత్రమే నేర్చుకున్నవారికన్నా, ఎక్కడ ఏ కోణంలో కొట్టాలో మాటలతో చెప్పించుకున్నవారు ఎక్కువ మంచి పెచ్చులు తీయగలిగారు. పై మిత్రుడు చెప్పిన నేర్పడం, నేర్చుకోవడం అన్న మాటకు ఇది దగ్గరి ఉదాహరణ. పిల్లలకు వీలైతే కంటికి అద్దాలు, చేతికి తొడుగులు ఇచ్చి, పెద్దల సమక్షంలో ఒక్కసారి కొట్టి చూపించండి.

పనిముట్టులా కనిపించిన రాయిని మాత్రం చోటు కదిలించవద్దని వారికి చెప్పండి. అది ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని కాలం తెలుస్తుంది. ఫోటో తీసి, చోటు గుర్తు రాసుకుని, వారసత్వ తెలంగాణ శాఖకు తెలియజేస్తే సరిపోతుంది.