థీఫ్‌కి థీవ్స్ అయితే, చీఫ్‌కి చీఫ్స్ ఎందుకు?

ఇంగ్లీషులో ఎఫ్, ఎఫ్‌ఈలతో ముగిసే నామవాచకాల బహువచనం దగ్గర ఆగిపోయాను. నైఫ్, లీఫ్‌లకు నైవ్స్, లీవ్స్ అని వీఈఎస్ వస్తుంది. రూఫ్, చీఫ్, బిలీఫ్‌లకు ఉత్త ఎస్సే.

ముందు స్పెల్లింగును బట్టి విడదీసి చూశాను. చివర రెండు ఎఫ్‌లుంటే ఎస్ చాలు (క్లిఫ్స్, కఫ్స్), అక్కడ పేచీ లేదు. ఎల్‌ఎఫ్ ఉంటే దాదాపు వీఈఎస్సే: హాఫ్, షెల్ఫ్, వుల్ఫ్. గల్ఫ్ మాత్రం అడ్డం తిరుగుతుంది. స్కార్ఫ్, డ్వార్ఫ్, హూఫ్‌లకు నిఘంటువులు రెండు రూపాలూ ఇస్తున్నాయి కాబట్టి ఏది రాసినా తప్పు కాదు.

అసలు చిక్కంతా ఎఫ్ ముందు దీర్ఘాచ్చు పలికే పదాలతోనే. పాత ఇంగ్లీషు మాటలకు వి వస్తుంది, ఫ్రెంచి నుంచి వచ్చినవాటికి రాదు అన్న సూత్రం పెట్టి చూశాను. చీఫ్, ప్రూఫ్ లొంగాయి. కానీ రూఫ్, బిలీఫ్ కూడా పాత ఇంగ్లీషువే కదా! సూత్రం అక్కడే తేలిపోయింది. పైగా కొత్తగా నేర్చుకునేవాళ్లకు పదం పుట్టుక ఎలా తెలుస్తుంది? థీఫ్, చీఫ్ చూస్తే చివరి మూడక్షరాలూ ఒకటే, పలికే తీరూ ఒకటే.

నిఘంటువు తెరవకుండా, ఇలాంటి దీర్ఘాచ్చు పదాల్లో దేనికి వి వస్తుందో, దేనికి రాదో పట్టిచ్చే గుర్తు ఏదైనా ఉందా?