మాత్రలలో గ్లూటెన్ ఉందో లేదో ఎలా నిర్ధారించుకోవాలి?

ప్రశ్న:
మా చెల్లెలికి సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే వ్యాధి) ఉందని ఇటీవల నిర్ధారణ అయింది. ఆహారంలో గోధుమ, బార్లీ, రై మూడింటినీ మానిపించాము గానీ, ఆమె రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర, రక్తహీనతకు వాడుతున్న ఐరన్ మాత్రల విషయంలో ఎటూ తేల్చుకోలేకపోతున్నాము. ఒక దాని కరపత్రంలో "స్టార్చ్" అని మాత్రమే ఉంది, అది ఏ ధాన్యానిదో లేదు. స్పష్టత వచ్చేవరకు మాత్రలు ఆపమని బంధువులు అంటున్నారు. ఆపవచ్చునా?

సమాధానం 1:
దయచేసి ఆపకండి. థైరాయిడ్ మాత్ర మానితే కలిగే హాని నిశ్చితం. అందులో గ్లూటెన్ ఉండే అవకాశం మాత్రం చాలా తక్కువ.

థైరాయిడ్ మాత్రలో అసలు మందు మైక్రోగ్రాములలోనే ఉంటుంది. మిగిలిన బరువంతా మాత్రకు ఆకారం ఇవ్వడానికి, కడుపులో సులువుగా విడిపోవడానికి కలిపే పదార్థాలదే. లాక్టోజ్ (పాలలోని చక్కెర), సెల్యులోజ్, మెగ్నీషియం స్టియరేట్, పోవిడోన్ వంటివాటికి గ్లూటెన్‌తో సంబంధం లేదు. ఆరా తీయవలసింది స్టార్చ్ గురించే. అదీ ఎక్కువగా మొక్కజొన్న నుంచో బంగాళాదుంప నుంచో తీసినదై ఉంటుంది. గోధుమ స్టార్చ్ వాడకం అరుదు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 డిసెంబరులో ఈ విషయంపైనే ఒక ముసాయిదా మార్గదర్శకం వెలువరించింది. గోధుమ స్టార్చ్ వాడినా ఒక్కో మోతాదులో గ్లూటెన్ 0.5 మిల్లీగ్రాములకు మించదని అందులో అంచనా వేసింది. 20 పీపీఎం (పది లక్షల భాగాలలో 20 భాగాలు) పరిమితికి లోబడి "గ్లూటెన్ రహితం" అని అమ్మే ఆహారం 30 గ్రాములు తిన్నా 0.6 మిల్లీగ్రాముల వరకు లోపలికి వెళ్లవచ్చు కనుక, ఆ అంచనా ఎంత స్వల్పమో మీరే పోల్చి చూడవచ్చు. అయినా రోజూ జీవితాంతం వేసుకునే మందు కాబట్టి అడిగి తెలుసుకోవడమే మంచిది.

సమాధానం 2:
అడగవలసింది తయారీ సంస్థను. ఫార్మసిస్ట్ సాయపడగలరు గానీ, స్టార్చ్ ఎక్కడిదన్న సమాచారం తరచుగా తయారీదారు దగ్గరే ఉంటుంది. మందు పేరు, మోతాదు, బ్యాచ్ సంఖ్య రాసి, "ఇందులోని స్టార్చ్, డెక్స్‌ట్రిన్ (స్టార్చ్ నుంచి చేసే పదార్థం) వంటివి ఏ మొక్క నుంచి తీసినవి?" అని సూటిగా అడగండి. "గ్లూటెన్ ఉందా?" అని మాత్రమే అడిగితే దాటవేసే జవాబు రావచ్చు.

ఒక సంస్థ మాత్రకు వచ్చిన జవాబు మరో సంస్థ మాత్రకు చెల్లదు. జెనెరిక్ మందులలో అసలు మందు ఒకటే అయినా, కలిపే పదార్థాలు సంస్థను బట్టి మారతాయి. దుకాణంలో వేరే సంస్థ మాత్రలు ఇచ్చినప్పుడు మళ్లీ అడగక తప్పదు.

ఇంజెక్షన్లు, చర్మానికి రాసే లేపనాల గురించి సీలియాక్ రోగులు ఆందోళన పడనవసరం లేదు. పెదవులకు రాసేవి మాత్రం నోట్లోకి పోతాయి కనుక చూసుకోవాలి. నా దృష్టిలో మందుల కంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనవి బలానికని వాడే పొడులు, మూలికా ఉత్పత్తులు. వాటిలో మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ), గోధుమగడ్డి, బార్లీ గడ్డి నేరుగా కలిపినవి ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఐరన్ మాత్రల సంస్థ నుంచి జవాబు వచ్చింది: "మేము గ్లూటెన్ కలపము, అయితే గ్లూటెన్ రహితమని ధ్రువీకరించలేము." దీనిని ఎలా అర్థం చేసుకోవాలి? ఆ మాత్ర వేసుకున్నాక ఆమెకు కడుపునొప్పి కూడా వస్తోంది.

సమాధానం 3:
చాలా సంస్థలు ఇలాగే జవాబిస్తాయి. తయారైన మాత్రను గ్లూటెన్ కోసం పరీక్షించలేదన్నది సాధారణంగా దాని అర్థం. గ్లూటెన్ ఉందని ఒప్పుకోవడం కాదు. పైన చెప్పిన మార్గదర్శకంలో ఎఫ్‌డీఏ సూచించిన వాక్యం కూడా "గోధుమ, బార్లీ, రై నుంచి చేసిన పదార్థమేదీ ఇందులో లేదు" అన్న అర్థంలోనే ఉంది. ఆ మాటను రాతపూర్వకంగా ఇవ్వగలరా అని అడగండి. ఇస్తే, నా ఉద్దేశంలో ఆ మాత్ర వాడవచ్చు.

కడుపునొప్పికి కారణం ఐరనే కావచ్చు, గ్లూటెన్ లేకపోయినా అది చాలామందికి పడదు. పేగు ఇంకా మానని దశలో లాక్టోజ్ కూడా ఇబ్బంది పెడుతుంది. ఐరన్‌ను మరో రూపంలో ఇవ్వవచ్చేమో వైద్యుణ్ణి అడగండి. అప్పుడే థైరాయిడ్ పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలో కూడా కనుక్కోండి. పేగు కోలుకునే కొద్దీ మందు బాగా ఒంటపట్టి, మోతాదు తగ్గించవలసి రావచ్చు.