రేడియేషన్ మంటకు కలబంద, పసుపు రాయొచ్చా?

కూకట్‌పల్లి కోడలు:
మా అత్తయ్యగారికి రొమ్ము క్యాన్సర్. రేడియేషన్ మూడో వారం నడుస్తోంది. చంక కింద నల్లగా కమిలింది, జాకెట్టు తగిలినా మంటే. మా ఆడపడుచు కలబంద గుజ్జులో పసుపు కలిపి రాయమంటోంది. డాక్టరుగారేమో అడగకుండా ఏదీ రాయొద్దన్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

నల్లకుంట నాయుడు:
రాయండమ్మా. మా నాన్నగారికి గొంతుకి రేడియేషన్ ఇచ్చినప్పుడు పెరట్లో కలబందే వాడాం, చల్లగా ఉందనేవారు. చెట్టు మందంటే డాక్టర్లకి మొదటినుంచీ చిన్నచూపే.

సైదాబాద్ ఫార్మసిస్ట్:
నాయుడుగారూ, చిన్నచూపైతే పరీక్షలు చేసేవాళ్లే కాదు. 2004లో ఫ్రాన్స్‌లో 254 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై కాలెండ్యులా (బంతిని పోలిన పూల మొక్క) ఆయింట్‌మెంట్ చూశారు. చర్మం బాగా కమలడం, పొక్కి తడి దేలడం అది రాసినవాళ్లలో 41 శాతం, ట్రోలమిన్ అనే మందు క్రీమ్ రాసినవాళ్లలో 63. మొక్కే గెలిచింది. (అలాగని గుడిమల్కాపూర్ నుంచి బంతిపూలు తెచ్చి నూరకండి, అది వేరే జాతి.) కలబందకి ఆ అదృష్టం లేదు. 2002లో ఆస్ట్రేలియాలో 225 మందిపై చూస్తే, చర్మం పొడిగా పొట్టు రాలడంలో, నొప్పిలో చర్మాన్ని తేమగా ఉంచే మామూలు ఆక్వియస్ క్రీమే మెరుగు. ఇక పసుపులోని కర్కుమిన్. రోజుకు 6 గ్రాములు మింగించినప్పుడు 30 మందిలో మంచి ఫలితం కనిపించింది, తర్వాత 686 మందిలో తేడా తేలలేదు.

నల్లకుంట నాయుడు:
మింగడం వేరు, రాయడం వేరు. మంగళూరులో పసుపు, చందనం ఉన్న క్రీమ్ రాసి చూశారు కదా, 2014లో. తల, మెడ క్యాన్సర్ వాళ్లకి చర్మం తక్కువ పాడైంది. అది చెప్పరేం?

సైదాబాద్ ఫార్మసిస్ట్:
నిజమే, చెప్పాల్సిందే. కానీ 50 మందే, పోల్చింది బేబీ ఆయిల్‌తో. పైగా అది ఫ్యాక్టరీలో తయారైన క్రీమ్. రోట్లో నూరిన పసుపుకీ దానికీ పోలికేంటండీ? చర్మం చిట్లితే పెరటి గుజ్జుతో సూక్ష్మజీవులూ లోపలికెళ్తాయి. కలబంద ఆకు కోస్తే కారే పసుపు జిగురుకి కొందరికి దురద కూడా వస్తుంది. మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీమ్‌కి ఇంతకంటే గట్టి ఆధారాలున్నాయి. ఆ సంగతి డాక్టరుగారినే అడగండి.

రేడియేషన్ టెక్నీషియన్:
ఒక మాట. మేం ఒంటి మీద గీసే గీతల్ని బట్టే మిషన్ గురి పెడతాం. పసుపు రాసి, రుద్ది కడిగారంటే గీతలు పోతాయి, మళ్లీ గీయాలి. సిట్టింగ్‌కి ముందు ఏ క్రీమ్ అయినా మందంగా పూసుకుని రావద్దు, చర్మం మీద డోసు పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, వదులు నూలు బట్ట చాలు.

కూకట్‌పల్లి కోడలు:
గీతల మాట చెప్పగానే పసుపు విషయంలో మా ఆడపడుచు వెనక్కి తగ్గింది. కలబంద మాత్రం మానేది లేదంటోంది. సిట్టింగులు అయిపోతే మంట తగ్గిపోతుందా?

సైదాబాద్ ఫార్మసిస్ట్:
వెంటనే తగ్గదమ్మా. అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు పెరగొచ్చు. కంగారు పడకండి, కానీ రసి కారినా జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి.

నల్లకుంట నాయుడు:
ఇన్ని చెప్పారు, బాగానే ఉంది. మా నాన్నగారికి చల్లగా ఉందన్న మాట మాత్రం అబద్ధం కాదు.