ఫ్యూయల్ ట్యూనర్ సెట్టింగ్ పెంచినా జర్క్ మళ్లీ వస్తోంది

నాది 200 సీసీ బీఎస్6 డ్యూయల్ స్పోర్ట్ బైక్. ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఫోమ్ ఫిల్టర్ వేయించాక ఇంజెక్టర్ వైర్ మధ్యలో కలిపి పెట్రోల్ మోతాదు మార్చే ఫ్యూయల్ ట్యూనర్ పెట్టాను. మూడు స్క్రూలున్నాయి: లో, మిడ్, హై.

సమస్య ఒక్కచోటే. మూడో గేర్‌లో 3,500 ఆర్‌పీఎం దగ్గర థ్రాటిల్ కదపకుండా పట్టుకుంటే బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో పటపట శబ్దం. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం చాలా బాగుంది, ఘాట్‌లో లాగుడు చూస్తే ముచ్చటేస్తుంది.

లో స్క్రూ అర చుట్టు పెంచితే జర్క్ పోతుంది, కానీ దాదాపు 50 కిలోమీటర్లకే మళ్లీ మొదలు. ఇంకా పెంచితే ప్లగ్ మీద నల్లటి పొడి మసి, ఐడిల్‌లో పెట్రోల్ వాసన. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీసెట్ చేస్తే కాసేపు బాగుంటుంది. థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాను, కొత్త ప్లగ్ వేశాను, సైలెన్సర్ జాయింట్ల దగ్గర సబ్బునీళ్లతో లీక్ చూశాను, ఏమీ లేదు.

సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ చూసి ఈసీయూ నేను పెంచిన పెట్రోల్‌ని మళ్లీ తగ్గించేస్తోందని నా అనుమానం.

ఇలాంటి సెటప్ ఉన్నవాళ్లు చెప్పండి: లో స్క్రూ జీరోకి తెచ్చి ఆక్సిజన్ సెన్సర్‌కి విడిగా, దాని రీడింగ్ మార్చే మాడ్యూల్ పెడితే ఈ జర్క్ పూర్తిగా పోతుందా?